మేకుకు వేలాడిన మ్యాపు

ముప్పై రెండేళ్ళు సోషల్ చెప్పాను. దివిసీమలో మొదలుపెట్టి, కృష్ణా జిల్లాలోనే నాలుగైదు ఊళ్ళు తిరిగి రిటైరయ్యాను. నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె ఇప్పుడు దివిసీమలోనే సోషల్ టీచరు. "మాస్టారూ, మా క్లాసులో కొత్త ప్యానెల్ పెట్టారు, వచ్చి చూద్దురుగాని" అని మొన్న పిలిస్తే వెళ్ళాను.

ఆ రోజు పాఠం తుఫానులు. నల్లబల్ల ఉండాల్సిన చోట గోడంత తెర. వేలితో తాకగానే సముద్రం మీద మబ్బులు గిర్రున తిరిగాయి. తుఫాను కన్ను ఎలా ఏర్పడుతుందో, గాలి ఏ వైపు నుంచి వీస్తుందో బాణం గుర్తులతో చూపించారు. సుద్దముక్కతో నేనెంత గీసినా అంత బాగా చూపించలేకపోయాను. ఆ మాట ఒప్పుకోవాలి.

వీడియో అయ్యాక పిల్లల్ని అడిగాను: "మన దివిసీమకి ఉప్పెన ఎప్పుడొచ్చిందిరా?" ఎవరూ లేవలేదు. వెనక బెంచీ కుర్రాడొకడు, "ఉప్పెన అంటే సినిమా కదండీ" అన్నాడు. నా గుండె కలుక్కుమంది. తప్పు వాడిది కాదు. వాడి నాయనమ్మ ఆ నీళ్ళలోంచి బయటపడ్డ మనిషై ఉండొచ్చు. వాడికి చెప్పినవాళ్ళు లేరు, అంతే.

1977 నవంబరు 19, శనివారం. పది వేల మందికి పైగా పోయారు. నేను ఉద్యోగంలో చేరింది ఆ తర్వాత రెండేళ్ళకి. నా మొదటి తొమ్మిదో తరగతిలో సగం మంది ఆ రాత్రి చూసినవాళ్ళే. తుఫానుల పాఠం వచ్చిన రోజున నేను పుస్తకం తెరవలేదు. ఒక పిల్లాడు లేచి, వాళ్ళ నాన్న తనని తువ్వాలుతో కొబ్బరిచెట్టుకి ఎలా కట్టేశాడో చెప్పాడు. తెల్లారాక కట్లు విప్పడానికి నాన్న లేడు. క్లాసులో ఎవరూ కదల్లేదు. అది చెప్పినవాడు పక్క బెంచీలోనే ఉన్నాడు మరి.

అప్పుడు మ్యాపు దించాం. మా బడికి ఉన్నవి మూడే మ్యాపులు: ప్రపంచం, భారతదేశం, ఆంధ్రప్రదేశ్. గుడ్డ మీద అతికించి కర్రకు చుట్టినవి. ఇద్దరు పిల్లలు స్టాఫ్ రూములోంచి మోసుకొచ్చి మేకుకు తగిలించేవాళ్ళు. వాటిలో దివి తాలూకా గోరంత కూడా ఉండేది కాదు. అందుకని వరండాలో సుద్దతో మేమే గీశాం. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవడం, కింద హంసలదీవి, ఆ కింద సముద్రం. ఎవరి ఊరు ఎక్కడుందో అక్కడ వాళ్ళని నిలబడమన్నాను. సముద్రం వైపు నిలబడ్డవాళ్ళలో ఎంతమంది ఇంట్లో మనుషులు పోయారో చేతులెత్తమనక్కర్లేకుండానే తెలిసిపోయింది. నీరు ఎంతదాకా ఎక్కిందో వాళ్ళే గీత గీశారు. 1864లో బందరుని ముంచి ముప్పై వేలమందిని పొట్టన పెట్టుకున్న ఉప్పెన గురించి ఆ తర్వాత చెబితే, అది ఎప్పటి మాటో అని ఒక్కరూ అనుకోలేదు.

ఇప్పటి తెర మీద మ్యాపు వేలు కదిపితే పెద్దదవుతుంది, ఇల్లు కూడా కనబడుతుంది. కానీ పిల్లాడి చెయ్యి గీయదు. గీసినవాడికి నది వంపు గుర్తుంటుంది, చూసినవాడికి ఉండదు. పైగా ఆ వీడియో రాష్ట్రమంతటికీ ఒకటే. ఎక్కడో స్టూడియోలో చేసినవాళ్ళకి మా ఊరు తెలీదు. తెలిసిన టీచరు పక్కకి జరిగి నిలబడుతోంది. నాకు కోపం తెప్పించేది అదే.

అప్పట్లో ఏడాదికోసారి పిల్లల్ని తీసుకుని బయల్దేరేవాళ్ళం. క్యారేజీలు కట్టుకుని, ఆర్టీసీ బస్సులో. ఓసారి ఘంటసాల స్తూపం, ఓసారి బందరులో డచ్చివాళ్ళ సమాధులు. రాళ్ళ మీద అక్షరాలకి కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దితే అంకెలు తేలేవి. పదహారు వందల నాటి సంవత్సరం తన చేతి కింద తేలడం చూసిన పిల్లకి, పరాయివాళ్ళు వ్యాపారానికి ఈ ఒడ్డునే దిగారని వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఎందుకు తీసుకెళ్ళరమ్మా అంటే, "పర్మిషన్లు, సిలబస్, అయినా వీడియో ఉందిగా మాస్టారూ" అంటున్నారు.

వీడియో దేనికి కావాలో నాకు తెలుసు. అమరావతి శిల్పాలు కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, ఎన్నో చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. మన పిల్లలు లండన్ వెళ్ళలేరు. వాటిని తెర మీద చూపించండి, దండం పెడతాను. కానీ బస్సు టికెట్టు దూరంలో ఉన్న ఘంటసాలని కూడా తెర మీదే చూపిస్తే ఎలా?

టీచర్లకు ఒక్కటే విన్నపం. ఉప్పెన నాటికి పదేళ్ళున్న పిల్లలు ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డారు. వాళ్ళ అమ్మానాన్నల్లో మిగిలినవాళ్ళు తక్కువ. మీ చేతిలో ఫోన్లున్నాయి, మా రోజుల్లో అవి లేవు. పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ ఇళ్ళకు వెళ్ళండి. వాళ్ళు చెప్పేది రికార్డు చేసి, ఆ పెద్ద తెర మీద అదే వేయండి. వచ్చే నవంబరు 19 లోపల ఈ పని చేయండి.