హీరో చొక్కాకూ ఒక హెచ్చరిక వేయించండి

సెన్సార్ బోర్డు హైదరాబాద్ ప్రాంతీయ అధికారి గారికి, ఫిల్మ్ నగర్‌లో పద్దెనిమిదేళ్లుగా డ్రెస్సుల పెట్టెలు మోస్తున్న ఒక కాస్ట్యూమ్ అసిస్టెంటు నమస్కరించి వ్రాయునది.

అయ్యా, తెర మీద ఎవరైనా సిగరెట్ వెలిగిస్తే కింద మూలన హెచ్చరిక పడుతుంది. గ్లాసు ఎత్తితే ఇంకొకటి. ఎద్దు కనిపిస్తే జంతు సంక్షేమ బోర్డు కాగితం చూపించాలి. ఇన్ని పట్టి చూసే తమరి కంటికి హీరో చొక్కా మాత్రం ఎందుకు ఆనలేదో నాకు అర్థం కావడం లేదు.

మొన్నామధ్య ఒక సినిమాలో హీరోది వరంగల్ పక్కన పత్తి రైతు వేషం. తెల్ల కాటన్ చొక్కా కావాలి. పాటల షూటింగ్‌కి లండన్ వెళ్లినప్పుడు డిజైనర్ మేడం అక్కడి షాపులో అయిదు కొన్నారు. అయిదెందుకంటే, మామూలు సీన్లకు ఒకటి, వానకు ఒకటి, ఫైట్లో చిరగడానికి రెండు, డూప్‌కి ఒకటి. కంటిన్యుటీ అంటే అదే మరి. అయిదూ విమానంలో వచ్చాయి. వాటిని పాత చేసే పని నాది. ఆఫీసు వెనక పెరట్లో బకెట్టెడు టీ డికాషన్ కాచి నానేశాను. కాలర్ అంచుని గరుకు కాగితంతో రుద్దాను, మోచేతుల దగ్గర ఇటుక ముక్కతో గీకాను. మూడేళ్లు పొలంలో తిరిగిన చొక్కా మధ్యాహ్నానికల్లా తయారు. రుద్దుతుంటే మెడ దగ్గర లేబుల్ కనిపించింది: మేడ్ ఇన్ బంగ్లాదేశ్.

బంగ్లాదేశ్ మిల్లులు మన దేశం నుంచి పత్తీ కొంటాయి, నూలూ కొంటాయి. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అమ్మిన పత్తి బేళ్లు కోయంబత్తూరు దిక్కు లారీల్లో పోయి నూలు కావడం, ఆ నూలు ఢాకా పక్కన గాజీపూర్‌లో చొక్కా కావడం, ఆ చొక్కా చిట్టగాంగ్‌లో ఓడెక్కి యూరప్ చేరడం వింతేమీ కాదు. సూయజ్ మీదుగానే అది 14,000 కిలోమీటర్ల పైమాట. 2023 చివర్లో ఎర్రసముద్రంలో దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా ఖండమంతా చుట్టి పోయాయి. లండన్ నుంచి ఇక్కడికి మళ్లీ ఎనిమిదివేలకు కాస్త తక్కువ. నా చేతిలోని పత్తి ఏ ఊరిదో లేబుల్ చెప్పదు. ఒకవేళ వరంగల్‌దే అయితే మాత్రం, 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫిల్మ్ నగర్‌కి రావడానికి అది సగం భూగోళం చుట్టింది. మా నిర్మాతగారి పాస్‌పోర్టులో కూడా అన్ని ముద్రలు లేవు.

కాబట్టి తెర మూలన ఒక అంకె వేయించండి. 2024 నుంచి యూఏలో 7+, 13+, 16+ అని మూడు రకాలు తెచ్చారు కదా. అవే ఉంచేసి పక్కన ‘వేల కిలోమీటర్లు’ అని చేర్చితే సరిపోతుంది, కొత్త అచ్చు ఖర్చు కూడా ఉండదు.

అయితే ఒక మెలిక ఉంది. దూరం ఒక్కటే చూస్తే తమరు పొరబడతారు. చొక్కా చేసే చెరుపులో ఓడ వాటా తక్కువ. నూలు వడికే మిల్లు, అద్దకం, వాటికి బొగ్గు కరెంటు, పాపమంతా అక్కడే ఎక్కువ. విమానం సంగతి వేరు. అదే బరువును అదే దూరం మోయడానికి ఓడ కన్నా పదుల రెట్లు ఎక్కువ కార్బన్ వదులుతుంది. నలభై రెట్లే అనుకున్నా, ముంబయి నుంచి ఇక్కడికి 600 కిలోమీటర్ల గాలి ప్రయాణం 24,000 కిలోమీటర్ల ఓడ ప్రయాణానికి సమానం.

ఆ లెక్కన మా హీరోయిన్ లెహంగా కథ వినండి. ముంబయిలో కుట్టారు. ట్రయల్‌కి వచ్చింది, నడుము వదులు. వెనక్కి పోయింది. తిరిగొచ్చింది, ఈసారి బిగుతు. ప్రతిసారీ దానికి తోడుగా ఒక సీటు, అందులో నేను. మా కృష్ణానగర్‌లో మెట్ల కింద మిషను పెట్టుకున్న మాస్టారు ఆ నడుముని టీ చల్లారేలోపు సరిచేసేవారు. కానీ ముంబయి కుట్టు మీద ఇక్కడి సూది పడకూడదట.

అమ్మ పాత్రకు పోచంపల్లి చీర కట్టించి, పక్కూరిదే కదా అని ఊరట పడదామా అంటే అదీ కుదరదు. నేత మనదే గానీ పట్టుదారం కర్ణాటక నుంచి వస్తుంది, ఒక్కోసారి చైనా నుంచి.

కృష్ణానగర్ అద్దె కొట్లో ఒక ఖాకీ చొక్కా ఉంది. కాలర్ లోపల మూడు రంగుల ఇంకుతో ఏడుగురు జూనియర్ ఆర్టిస్టుల పేర్లు. భుజం మీద నక్షత్రాలు మార్చుకుంటూ ఎస్సైగా, సీఐగా ఎన్ని సినిమాల్లో చేసిందో కొట్టు ఓనరుకే లెక్క లేదు. యూసుఫ్‌గూడ దాటి ఏ సెట్టుకి పోయినా ఆటోలోనే పోతుంది. దానికి మాత్రం క్లీన్ యూ ఇప్పించగలరు.

విచారణకు పిలవదలిస్తే రేపు వద్దండి. పొద్దున ఆరింటి ఫ్లైటుకి ముంబయి పోతున్నాను. లెహంగా జాకెట్టుకి హుక్కులు మార్పించుకు రావాలి.

చిత్తగించవలెను.