జింకలకు నోటిఫికేషన్ లేదు

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో గ్రూప్-1కు చదివేవాళ్లు గోదావర్మన్ కేసును బట్టీ పట్టాల్సిందే. భూమి ఎవరిదైనా, నిఘంటువు అర్థంలో అడవి అయితే అది అడవేనని 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు తేల్చింది. ఈ ముక్క రాయకపోతే మార్కులు పోతాయి. ఉద్యోగం వచ్చాక మాత్రం మరిచిపోవచ్చు కాబోలు. లేకపోతే కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలు రికార్డుల్లో అడవి కాదు గనుక అక్కడ అడవే లేదని సచివాలయం అంత ధీమాగా ఎలా చెబుతుంది?

సర్కారు మాటలో నిజం లేకపోలేదు. 2003లో ఐఎంజీ భారత అనే సంస్థకు కట్టబెట్టిన ఆ భూమి కేటాయింపును 2006లో రద్దు చేశారు. 2024లో కోర్టుల్లో ప్రభుత్వమే గెలిచింది. పక్కనే ఉన్న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం మాత్రం అక్కడ భవనాలు కట్టలేదా అన్న ఎత్తిపొడుపూ ఉంది. కానివ్వండి. భూమి గెలవడం వేరు, చెట్టు కొట్టడం వేరు. నారాయణగూడలో ఇంటి ముందు వేపచెట్టు కొట్టాలన్నా వాల్టా చట్టం కింద అనుమతి తెచ్చుకోమనే సర్కారుకు ఈ తేడా తెలియదనుకోలేం. అక్కడ జింకల్లేవు, గుంటనక్కలే ఉన్నాయని ముఖ్యమంత్రి సెలవిచ్చారు. లేవని తేల్చడానికి ముందుగా ఒక సర్వే చేయిస్తే సరిపోయేది. సర్వేకు బదులు జేసీబీలు వెళ్లాయి, అదీ 2025 ఉగాది, రంజాన్ సెలవుల్లో, కోర్టులు తెరిచేలోపు. అంత నిజాయితీ గల పనికి అంత తొందరెందుకో! జింకల వీడియోలన్నీ ఏఐ మాయ అన్నారు. కొన్ని కల్పితాలే అయి ఉండొచ్చు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆదేశంపై హైకోర్టు రిజిస్ట్రార్ స్వయంగా వెళ్లి చూస్తే, సుమారు 100 ఎకరాలు నేలమట్టమై ఉన్నాయి. నెమళ్లూ జింకలూ కనిపించాయి. రిజిస్ట్రార్‌ను మాత్రం ఎవరూ ఏఐ అనలేదు.

ఇక ఆఖరి అస్త్రం ఉద్యోగాలు: ఆ భూమిని వేలం వేస్తే 50 వేల కోట్ల పెట్టుబడి, 5 లక్షల కొలువులు వస్తాయట. నిరుద్యోగి పేరెత్తితే పోటీ పరీక్షల అభ్యర్థుల అడ్డా అశోక్‌నగర్ నోరు మూసుకుంటుందని ధైర్యం. 2023 ఎన్నికల ముందు రాహుల్ గాంధీ ఇక్కడికే వచ్చి అభ్యర్థులతో మాట్లాడారు. ఏడాదిలో 2 లక్షల ఉద్యోగాలన్నది ఆయన పార్టీ హామీ. ఆ 2 లక్షలకు ఒక్క చెట్టూ కొట్టక్కర్లేదు, ఖాళీలు సర్కారు ఆఫీసుల్లోనే ఉంటాయి, నోటిఫికేషన్ ఇస్తే చాలు. ఈ 5 లక్షలకు మాత్రం వేలం వేయాలి. వేలం డబ్బు ముందే ఖజానాలో పడుతుంది. కొలువు ఎప్పుడన్నది భూమి కొన్నవాడి దయ. పైగా ఆ కొలువు గ్రూప్-1 పుస్తకాలతో వచ్చేదీ కాదు.

సెలవులు చూసుకుని, ముందే అనుకుని చేసినట్టుందని మే 15న సుప్రీంకోర్టులో జస్టిస్ గవాయ్ ధర్మాసనం అంది. పోయిన పచ్చదనాన్ని తిరిగి తేకపోతే అధికారులకు అక్కడి చెరువు పక్కనే తాత్కాలిక జైలు కట్టించాల్సి వస్తుందని అంతకుముందే హెచ్చరించింది. ఆ 400 ఎకరాల్లో ఇప్పటిదాకా అనుకున్న కట్టడాలన్నిటిలో పర్యావరణ అనుమతి తేలిగ్గా దొరికేది బహుశా అదొక్కటే.