నా అంచుల నిండా తెలుగే

నా పేరు వర్డ్ పవర్ మేడ్ ఈజీ. నన్ను రాసినాయన నార్మన్ లూయిస్, అమెరికావాడు. తొలి ముద్రణ 1949లో అక్కడే వెలువడింది. నేను మాత్రం ఇక్కడ అచ్చయిన చవక ప్రతిని. హైదరాబాదులో కోఠి పాత పుస్తకాల షాపుల్లోనూ, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదా నాలాంటివాళ్ళు ఎప్పుడూ కనిపిస్తారు. బ్యాంకు పరీక్షలకనో, జీఆర్‌ఈకనో కొంటారు, పరీక్ష గట్టెక్కాక అమ్మేస్తారు. అలా చేతులు మారేకొద్దీ నా అంచుల్లో రాతలు పెరిగాయి. అచ్చయిన నా ఇంగ్లీషుకన్నా నాకు ఆ పెన్సిల్ తెలుగంటేనే ఎక్కువ ప్రేమ.

నేను మాటల్ని ఎ నుంచి జెడ్ దాకా వరసపెట్టి అప్పగించను. ఒక ధాతువు ఇస్తాను, దాని సంతానాన్ని చూపిస్తాను, పైకి పలకమంటాను, ఖాళీలు నింపమంటాను. కాసేపు ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ నింపమంటాను. ధాతువుల్లో లాటిన్‌వీ ఉన్నాయి, గ్రీకువీ ఉన్నాయి.

నన్ను కొన్నవాళ్ళలో ఒకమ్మాయి డిగ్రీ దాకా తెలుగు మీడియం. బ్యాంకు పరీక్షకు తయారవుతోంది. కోచింగ్‌లో ఇచ్చిన మాటల జాబితాను పొద్దున బట్టీ పట్టేది, వారం తిరిగేసరికి సగం ఎగిరిపోయేవి. తెలుగు మీడియం కాబట్టే తనకీ తిప్పలని నమ్మేది. స్పెక్ట్ అనే ధాతువు దగ్గరికొచ్చింది. చూడటం అని దాని అర్థం. ఇన్‌స్పెక్ట్ అంటే లోపలికి చూడటం, రెట్రోస్పెక్ట్ వెనక్కి చూడటం, ప్రాస్పెక్ట్ ముందుకు చూడటం, సర్కమ్‌స్పెక్ట్ నాలుగు వైపులా చూసుకుని నడుచుకునే మనిషి గుణం. అక్కడ ఆమె పెన్సిల్ ఆగింది. తర్వాత అంచులో ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోయింది: పరి + ఈక్ష = పరీక్ష, సమ్ + ఈక్ష = సమీక్ష, ప్రతి + ఈక్ష = ప్రతీక్ష, ఉప + ఈక్ష = ఉపేక్ష. సంస్కృతంలో ఈక్ష్ అన్నా చూడటమే. ముందు చేరిన ఉపసర్గను బట్టి ఆ చూపు పరీక్ష అవుతుంది, ఎదురుచూపు అవుతుంది, చూసీ చూడనట్టు వదిలేయడమూ అవుతుంది.

ఆ పుట తర్వాత ఆమె నన్ను చదివే తీరే మారిపోయింది. హైస్కూల్లో సంధులు విడదీసి, ఉపసర్గలు గుర్తుపట్టి చదువుకున్న పిల్లకు నా పద్ధతి కొత్తేమీ కాదు. తెలుగు మీడియం పిల్లలకు లాటిన్ ధాతువులు అందవని అనేవాళ్ళను చాలామందిని విన్నాను. వాళ్ళ మాట తప్పు. ఆ పిల్లల దగ్గర పనిముట్టు ముందే ఉంది, దాన్ని ఇంగ్లీషు మీద వాడొచ్చని చెప్పేవాళ్ళే లేరు.

రెండు భాషల్లోనూ మాటలు పేరుకున్న తీరు కూడా దగ్గరదగ్గరగా ఉంటుంది. ఇంగ్లీషు లాటిన్‌కు పుట్టిన భాష కాదు. అమ్మ, నాన్న, నీళ్ళు, రొట్టె లాంటి ఇంటి మాటలు దాని సొంతం. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కోర్టు, కచేరీ మాటలు ఫ్రెంచి మీదుగా వచ్చాయి. ఆ తర్వాత పండితులు నేరుగా లాటిన్ నుంచే తెచ్చుకున్నారు. తెలుగులోనూ ఇల్లు, వాకిలి, నీళ్ళు మనవి. న్యాయస్థానం, విశ్వవిద్యాలయం సంస్కృతానివి. పోటీ పరీక్షల ప్యాసేజీల్లో పిల్లల్ని భయపెట్టే మాటలు ఎక్కువగా అలా బయటినుంచి వచ్చి చేరిన పై అంతస్తువే.

లాటిన్, గ్రీకు, సంస్కృతం ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని బ్రిటిష్ జడ్జి విలియం జోన్స్ కలకత్తాలో 1786లో చెప్పాడు. తెలుగు ఆ కుటుంబానిది కాదని, దక్షిణాది భాషలది వేరే వంశమని 1816లో బ్రిటిష్ అధికారి ఎల్లిస్ మద్రాసులో నిరూపించాడు. అయితే సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న మాటల వల్ల ఆ చుట్టరికం మనకూ పనికొస్తుంది. డెంటిస్ట్‌లో దంతం ఉంది, పెడల్‌లో పాదం, ఇగ్నిషన్‌లో అగ్ని ఉన్నాయి. స్పెక్ట్‌కు మన స్పష్టం దగ్గర చుట్టమే. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా సప్త, అష్ట, నవ, దశ వినిపిస్తాయి, ఎందుకంటే రోమన్ల పాత ఏడాది మార్చిలో మొదలయ్యేది. అవి సంస్కృతం నుంచి వెళ్ళాయని కొందరు గట్టిగా వాదిస్తారు. వెళ్ళలేదు, ఇద్దరు అక్కచెల్లెళ్ళ పిల్లలవి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది డెక్స్‌టర్. లాటిన్‌లో కుడి అని అర్థం. డెక్స్‌టరిటీ అంటే చేతి నేర్పు. ఆంబిడెక్స్‌ట్రస్ అంటే రెండూ కుడిచేతులే అన్నంత నేర్పున్నవాడు. దానికి బంధువు దక్షిణ. గుళ్ళో దేవుణ్ణి కుడివైపు ఉంచుకుని తిరగడమే ప్రదక్షిణ. ఎడమను లాటిన్‌లో సినిస్టర్ అన్నారు, ఇంగ్లీషులో అది కీడును సూచించే మాటైంది. ఎడమచేత్తో డబ్బులివ్వొద్దని పిల్లల్ని మందలించే ఇంట్లో పెరిగినవాళ్ళకు దాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే ధాతువును గుడ్డిగా నమ్మితే దెబ్బ తింటారు. ఇన్ అంటే కాదు అని నేర్చుకున్న ఓ కుర్రాడు పెట్రోలు ట్యాంకరు మీది ఇన్‌ఫ్లేమబుల్‌కు మండనిది అని అర్థం రాశాడు. మండేదనే దాని అర్థం, అక్కడి ఇన్ కాదనేది కాదు. చూడ్డానికి ఒకే ధాతువులా కనిపించినా, పెడెస్ట్రియన్‌లో ఉన్నది లాటిన్ పాదం, పీడియాట్రిక్స్‌లో ఉన్నది గ్రీకు బిడ్డ. ఎగ్రీజియస్ సంగతి మరీ చిత్రం. గ్రెక్స్ అంటే మంద. మందలోంచి వేరుగా నిలిచినవాడనే భావంతో ఒకప్పుడు అది పొగడ్త, ఇప్పుడు ఘోరమైన తప్పులకు వాడతారు. మంద దాకా ధాతువు తీసుకెళ్తుంది, మంచో చెడో వాక్యమే చెప్పాలి. జీఆర్‌ఈలో కూడా 2011 ఆగస్టు నుంచి విడి మాటలకు వ్యతిరేకార్థాలు అడగడం మానేశారు, వాక్యంలో మాట ఎలా ఇముడుతుందో అడుగుతున్నారు.

ఇప్పుడు నన్ను చదువుతున్న అబ్బాయి ఆ పనే చేస్తున్నాడు. ఇంగ్లీషు పేపరు సంపాదకీయంలో మాట తగిలితే వాక్యం మొత్తం రాసుకుని, ధాతువు పేరు కింద అంటించుకుంటాడు. గ్రెక్స్ కింద కాంగ్రిగేషన్, సెగ్రిగేషన్ చేరాయి. మార్కుల లెక్కలో ఇన్నాళ్ళూ చూసిన అగ్రిగేట్ కూడా ఆ మందదేనని నిన్న కనుక్కున్నాడు, దాని పక్కన తెలుగులో “అన్నీ ఒకచోట చేర్చడం” అని రాశాడు.