ఫ్లాటుకో రైఫిలు

మన దేశంలోనూ తుపాకీ హక్కుల కోసం గట్టిగా వాదించేవాళ్లున్నారు. 1791లో అమెరికన్లు తమ రాజ్యాంగంలో రాసుకున్న హక్కు మనకెందుకు లేదని వాళ్ల బాధ. మన రాజ్యాంగంలో అలాంటి హక్కేదీ లేదని 2023లో సుప్రీంకోర్టు గుర్తుచేసినా ఆ బాధ తగ్గలేదు. బెంగళూరులో వాదన మొదలైతే మాత్రం అమెరికా దాకా పోనక్కర్లేదు, రుజువు పక్కనే ఉంది: కొడగు జిల్లాలో తుపాకులున్నాయి, కొడగు చల్లగానే ఉంది కదా అంటారు.

నిజమే, చూడవలసిందే. అక్కడి కొడవ తెగవారికీ, వంశపారంపర్యంగా వచ్చే జమ్మా భూములున్నవారికీ బ్రిటిషు కాలం నుంచీ తుపాకీ లైసెన్సు అక్కర్లేదు. ఆ మినహాయింపును కేంద్రం 2019లో మరో పదేళ్లు పొడిగించింది, 2021లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. మగబిడ్డ పుడితే గాల్లోకి ఒక తూటా, మనిషి పోతే రెండు పేల్చడం అక్కడి ఆనవాయితీ. సెప్టెంబరులో కైల్‌పోళ్దు పండక్కి తుపాకీని తుడిచి, గొట్టానికి అడవినాభి పువ్వు పెట్టి పూజిస్తారు. ఇది చూసి తుపాకీ వల్లే శాంతి వచ్చిందనడం, గొడుగుల వల్లే వాన కురుస్తోందన్నట్టుంటుంది. అక్కడ తుపాకీ వెనకాల ఒక వంశం ఉంది, సాగుచేసే భూమి ఉంది, పెద్దల మాటుంది. పేలిన తుపాకీ ఎవరింటిదో ఊరంతటికీ తెలుసు. బెంగళూరు వైట్‌ఫీల్డు అపార్టుమెంటులో ఎదురు ఫ్లాటాయన పేరు కొరియరు కుర్రాడికి తెలిసినంత కూడా మనకు తెలియదు. కుక్కను ఏ లిఫ్టులో ఎక్కించాలన్న దానికే మూడు సమావేశాలు పెట్టి, నాలుగోదానికి చొక్కాలు పట్టుకునే అసోసియేషన్లు మనవి. బేస్‌మెంటులో బండి అడ్డంగా పెట్టాడన్న కోపానికి ఇప్పటికైతే చేతికి దొరికేది హెల్మెట్టే. పులిని చూసి నక్క వాతలు పెట్టుకోవడం ఇలాగే మొదలవుతుంది.

దొంగల దగ్గర నాటు తుపాకులుండగా మంచివాళ్లు ఉత్తచేతులతో ఉండాలా అని అడుగుతారు. ఇది కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదు. 2017 సెప్టెంబరు 5 రాత్రి బెంగళూరు రాజరాజేశ్వరి నగర్‌లో పాత్రికేయురాలు గౌరీ లంకేశ్‌ను చంపింది నాటు పిస్తోలే. కానీ ఆమె అప్పుడే ఇంటికొచ్చి గేటు దగ్గరుంది. బీరువాలో పది రైఫిళ్లున్నా ఆ క్షణంలో ఏ పనికొస్తాయి? నాటు తుపాకుల తయారీని పట్టుకోలేకపోవడం పోలీసుల వైఫల్యం. దానికి మందు ఇంకో తుపాకీ ఎలా అవుతుంది? చేతిలో తుపాకీ ఉంటే చాలు, మంచివాడు చెడ్డవాణ్ణి ఆపేస్తాడనే సిద్ధాంతానికి 2022లో టెక్సాస్‌లోని యువాల్డే బడి పరీక్ష పెట్టింది. ఆయుధాలున్న పోలీసులు గంటకు పైగా వరండాలో నిలబడ్డారు. లోపల మిలటరీ తరహా రైఫిలున్నవాడు ఒక్కడే. 19 మంది పిల్లలూ ఇద్దరు టీచర్లూ పోయారు. ఆ రైఫిలు ప్రత్యేకత అదే: ఎదుటివాడు ఆలోచించుకునేలోపే పని ముగిస్తుంది, కాపలావాణ్ణి కూడా గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఆత్మరక్షణకు ఇంత వేగం ఎందుకో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

చివరికి గాంధీగారిని తీసుకొస్తారు. జాతిని నిరాయుధం చేసిన ఆయుధాల చట్టం బ్రిటిషువాళ్ల పాపాల్లోకెల్లా నల్లనిదని ఆయన అన్న మాట వాస్తవం. ఆ మాట రాసిన కరపత్రం దేనికోసమో మాత్రం మనవాళ్లు చెప్పరు. 1918లో ఖేడా రైతులను సైన్యంలో చేర్పించడానికి వేసిన కరపత్రమది!

మన చట్టమేమీ తలుపులు మూసెయ్యలేదు. కారణం చూపించి, పోలీసు విచారణలో నెగ్గితే లైసెన్సు ఇస్తుంది, రెండు తుపాకుల దాకా ఉంచుకోనిస్తుంది. మిలటరీ రైఫిలు లాంటి నిషిద్ధ ఆయుధం దగ్గర పెట్టుకుంటే మాత్రం 7 నుంచి 14 ఏళ్ల జైలు. మిలటరీ రైఫిలే కావాలని పట్టుబట్టే అయ్యలకు కొడగే దారి చూపించింది. సైన్యాధిపతులైన కరియప్ప, తిమ్మయ్య ఆ నేల బిడ్డలే. రైఫిలు కోసం వాళ్లు ఏ హక్కుల సంఘమూ పెట్టలేదు, సైన్యంలో చేరారు. ఇప్పటికీ అక్కడ రైఫిలు ఉచితం, పైగా జీతం కూడా ఇస్తారు.