కోత వేళ తెలిస్తే

నేను జొన్న–సూడాన్ సంకర మేతను. భివండి పద్మనగర్‌లోని మన నేతవాళ్ల మాటలో చెప్పాలంటే, అమ్మ జొన్న నాకు పడుగు, నాన్న సూడాన్ గడ్డి పేక. నాన్న 1909లో ఆఫ్రికా నుంచి అమెరికా చేరాడు. 1954లో సొంత పుప్పొడితో గింజ కట్టని జొన్న బయటపడ్డాక, ఆ రెండు జాతులనూ పెద్దయెత్తున కలపడం సాధ్యమైంది. అమ్మ నుంచి లావు కాడ, వెడల్పు ఆకు వచ్చాయి. కోసినకొద్దీ పిలక వేసే గుణం నాన్నది. భివండి చుట్టుపక్కల నన్ను వేయమని అడగడానికి నాకున్న బలం ఆ గుణమే. పాలిచ్చే గేదెకు రోజుకు 25–30 కిలోల పచ్చిమేత కావాలి. ఇక్కడ దొరికేది ఎక్కువగా వరిగడ్డి. అది కడుపు నింపుతుంది గానీ, మాంసకృత్తులు తక్కువ కనుక పాలు పెంచదు. గోదాములు లేచేకొద్దీ పొలమూ తగ్గుతోంది. విత్తిన 55–60 రోజులకు తొలి కోత, ఆపైన 40–45 రోజులకొక కోత ఇస్తాను. మళ్లీ దున్నే పని లేదు. ఉన్న కొద్ది నేలా ఏడాదిలో పలుమార్లు పండుతుంది.

‘లేత జొన్న మేసిన పశువుకు పట్టే నాము మాటేమిటి?’ అంటారు. తెలంగాణ పల్లెల నుంచి మగ్గాల కోసం వచ్చినవారికి ఆ భయం తెలియనిది కాదు. నా లేత ఆకులో సయనైడ్ పుట్టించే పదార్థం ఉన్న మాట నిజం. పశువు నమిలినప్పుడు విషం విడుదలై, రక్తంలో ప్రాణవాయువు ఉన్నా ఒళ్లు దాన్ని వాడుకోలేదు. కానీ ఆ విషానికి కాలముంది: మోకాలెత్తు దాటని మొక్కలో, బెట్టకు వాడిన మొక్కలో, కోశాక వచ్చిన లేత పిలకలో అది ఎక్కువ. పూత దశకు చాలా తగ్గుతుంది, ఎండబెడితే, పాతరవేస్తే ఇంకా తగ్గుతుంది. కాబట్టి పశువును చేలోకి వదలకండి, ఎదిగాక కోసి వేయండి.

కొంకణ వానకు నేను తట్టుకోలేనన్నది మరో అభ్యంతరం. అది న్యాయమైనదే. నీరు నిలిచే మడి పారాగడ్డిది. 1949లో ఏర్పడిన ఆరే పాలకాలనీలో దాన్నే పెంచారు. నేనడిగేది నీరు జారిపోయే మెరక, లేదా వరి కోశాక తడి అందే పొలం. పక్కన అలసంద వేస్తే మేత మరింత బలపడుతుంది. నిండా నేయని బట్టను మగ్గం మీంచి కోయరు కదా, నన్నూ అలాగే ఎదగనివ్వండి.