లఘుశంకా సంజీవని

(అనగా, ఒకటో తరగతి మహావాక్యమునకు టీకా తాత్పర్య సహిత వ్యాఖ్య)

మూలము

“మే ఐ గో టు వాష్‌రూమ్, మిస్?”

పాఠాంతరము: “క్యాన్ ఐ గో టు వాష్‌రూమ్, మిస్?” ఇది అపపాఠమని బడివారు. ఇదియే కవిహృదయమని మేము.

అవతారిక

జేఎన్‌టీయూ నుంచి ప్రగతి నగర్ వచ్చు దారిలో బోర్డులు చదువుకొనుచు వచ్చినచో టెక్నో, ఒలింపియాడ్, ఇంటర్నేషనల్ మున్నగు విశేషణములు కనబడును. బడి అను విశేష్యము ఎక్కడో చిన్నక్షరములలో నుండును. అట్టి బడి యొకటి అంబీర్ చెరువుకు కూతవేటు దూరమున కలదు. పేరు చెప్పము. అందు మూడో బల్ల మీద కూర్చుండు ఆరేండ్ల బాలుడు, ముందుపళ్ళు రెండు ఊడినవాడు, ప్రస్తుత వాక్యమునకు కర్త. అతడు మాకు మనుమడగుట యాదృచ్ఛికము.

రెండో పీరియడున అతడు లేచి “క్యాన్ ఐ” అని ఆరంభింపగా, పంతులమ్మ “యూ క్యాన్, బట్ యూ మే నాట్” అని సెలవిచ్చెను. తరగతి నవ్వెను. కర్త నిలబడెను. ‘మే’ జ్ఞప్తికి వచ్చుసరికి ఇంటర్వెల్ గంట కొట్టిరి. సాయంకాలము డైరీలో ఎర్ర సిరాతో తాఖీదు: క్యాన్, మేల భేదము ఇంటివద్ద నేర్పవలెను. హైటెక్ సిటీ నుంచి పొద్దుపోయి వచ్చిన మా అబ్బాయి అది చూసి, “నాన్నా, గ్రామర్ మీ డిపార్ట్‌మెంటు కదా” అని డైరీ నా ఒళ్ళో పెట్టి అన్నానికి లేచాడు. తెలుగు పండితుడుగా రిటైరైన వాడికి ఇంతకంటే ఏం కావాలి?

అనుబంధ చతుష్టయము

గ్రంథమునకు నాలుగు చెప్పవలెను. విషయము: క్యాన్, మేల భేదము. ప్రయోజనము: జలవిమోచనము. సంబంధము: వ్యాకరణమునకును పొత్తికడుపునకును గలది. అధికారి: ఆపుకోలేనివాడు. ఆపుకోగలవాడికి ఈ గ్రంథముతో పని లేదు.

ప్రతిపదార్థము

మిస్: స్పష్టము. టు: స్పష్టము. గో: స్పష్టమే గాని ఆలస్యము. వాష్‌రూమ్: ఇందు ఎవరును స్నానము చేయరు, బట్టలుతకరు, శబ్దార్థము బోధపడదు గనుక విడిచితిమి. ఐ: నేను.

మే: సంస్కృతమున ‘మే’ యనగా నాకు, నాయొక్క. కావున ‘మే ఐ’ యనగా ‘నాకు నేను’. పిల్లవాడు తరగతిలో ఏకాకియై నిలబడినాడని ధ్వని. ఇంతకు మించిన అర్థము బడివారి వద్ద ఉన్నచో తెలుపగలరు.

శంక: ఈ వ్యాఖ్యకు సంజీవని అని పేరేల?

సమాధానము: కోలాచల మల్లినాథసూరి కాళిదాసు మూడు కావ్యాలకు రాసిన వ్యాఖ్యల పేరు సంజీవని. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందట. దానికి ప్రాణం పోస్తున్నానన్నాడు. పేర్లు పెట్టడంలో ఆయన చెయ్యి పెద్దది. భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష, శ్రీహర్షుడికి జీవాతువు. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఒట్టు కూడా పెట్టుకున్నాడు. ఆ ఒట్టులో రెండో సగం మేమిప్పటికే తప్పాం. ఆయన పరాయివాడు కాడు. కోలాచలమంటే మన మెదక్ జిల్లా కొల్చారం. ప్రగతి నగర్‌లో పొద్దున్నే టిఫిను చేసి, బాచుపల్లి, నర్సాపూర్ మీదుగా బయల్దేరితే చీకటి పడేలోగా ఆ ఊరు చూసి రావచ్చు.

రావచ్చు అన్నామా? ఇక్కడ ఆగాలి.

‘నాకు ఈత వచ్చు’ అంటే తెలియడం. ‘సాయంత్రం వాన రావచ్చు’ అంటే ఊహ. ‘లోపలికి రావచ్చు’ అంటే అనుమతి. ‘పగలే వెళ్ళి రావచ్చు’ అంటే వీలు. ఒక్క వచ్చు, పనిమనిషిలా నాలుగిళ్ళు చక్కబెడుతుంది. తెలుగు పిల్లవాడు “ఒంటికెళ్ళొచ్చా సార్” అంటే వీలూ, అనుమతీ, మర్యాదా, తొందరా అన్నీ ఆ ‘చ్చా’లోనే ఉన్నాయి. శక్తిని విడిగా చెప్పాలంటే మనకు ‘కలుగు’ ఉంది: ఎత్తగలను, నడవగలను. “నేను ఒంటికి వెళ్ళగలనా సార్” అని మాత్రం ఏ పిల్లవాడూ అడగడు. అడిగితే డాక్టరుకు చూపిస్తారు.

అంటే పంతులమ్మగారి తర్కం తెలుగులో భేషుగ్గా చెల్లుతుంది. ఇంగ్లీషులో చెల్లుతుందా అన్నదే శంక. ఆ దొరల పాత భాషలో క్యాన్‌కు మూలం ‘కున్నాన్’, అర్థం తెలిసి ఉండటం. అచ్చంగా మన ఈత వచ్చు. మేకు మూలం ‘మగాన్’, అర్థం శక్తి కలిగి ఉండటం. వెయ్యేళ్ళ కిందట బలం చెప్పిన మాట మే! అది కాలక్రమాన అనుమతి దాకా జరిగి వచ్చింది. ఇప్పుడు క్యాన్ కూడా అదే దారిన జరిగి అక్కడికే చేరింది. మాటలు జరుగుతాయి. జరగకూడదని నిలబెట్టింది పిల్లవాణ్ణి.

వచ్చు గురించి ఇంకా రాయొచ్చు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ముందు పెట్టుకుంటే ఈ రాత్రి తెల్లవారిపోతుంది. పేరులో ‘బాల’ ఉంది కదా అని ఏ బాలుడూ దాని జోలికి పోలేదు. తల నెరిసిన పండితులకే అది కొరుకుడు పడక కల్లూరి వెంకటరామశాస్త్రి గారి గుప్తార్థప్రకాశిక, దువ్వూరి వెంకటరమణశాస్త్రి గారి రమణీయం కావలసి వచ్చాయి. అందుకు మేం సిగ్గుపడలేదు సరికదా, ఆ సూత్రాలతోనే ఒక జీవితకాలం అన్నం తిన్నాం. కానీ ఒక్క మాట. సంధి తప్పు చెప్పినవాణ్ణి గోడకుర్చీ వేయించాం గాని, ఒంటికి పోనివ్వకుండా ఆపలేదు.

ఇంతకీ ఏం చెబుతున్నాం? క్యాన్.

పూర్వపక్షము

“శక్తికి క్యాన్, అనుమతికి మే అని పెద్దలు శాసించిరి గదా?” అందురేని, ఏ పెద్దలు? డాక్టర్ జాన్సన్ 1755 నాటి నిఘంటువులో ఆ భేదము చెప్పిన మాట నిజమే. ఆ వెంటనే కవిత్వంలో మాత్రం రెండూ కలిసిపోతాయనీ ఒప్పుకున్నాడు. కనుక మా మనుమడు తప్పు మాట్లాడలేదు, కవిత్వము చెప్పినాడు. బడివారు దానిని వచనముగా దిద్దిరి.

పోనీ, మన బడులకు పరమ ప్రమాణం రెన్ అండ్ మార్టిన్. ఆ రెన్ దొర ఫ్రెంచి విదేశీ దళం మీద ‘బో జెస్ట్’ (1924) అనే సాహస నవల రాసినవాడు. ఆయన వ్యాకరణం తెరిచి చూస్తే అనుమతికి క్యాన్, మే రెండూ చెల్లుతాయనీ, మే కొంచెం లాంఛనమనీ ఉంది. అంతే! ఎడారుల్లో కత్తులు తిప్పించినవాడికి లేని పట్టుదల మన ఒకటో తరగతికి పట్టింది.

ఇక ఈ పేటకు కూడు పెట్టే సాఫ్ట్‌వేరు శాస్త్రమేమంటుంది? ఇంటర్నెట్టు నియమాలు రాసేవారికి మాటల అర్థాలు కట్టుదిట్టం చేస్తూ 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అని ఒక పత్రం వెలువడింది. అందులో మే అంటే ఐచ్ఛికం: చేస్తే చెయ్యి, లేకపోతే మానెయ్యి. ఆ లెక్కన ‘మే ఐ గో’ అన్న పిల్లవాడికి పని అంత అవసరం కాదని అర్థం. మా వాడిది ఐచ్ఛికం కాదు మహాప్రభో!

శిష్టవ్యవహారము కూడ చూతము. మా అబ్బాయి ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో మా ముందుగదిలో వినిపించే నిత్యపారాయణ ఇది: “క్యాన్ యూ హియర్ మీ? క్యాన్ యూ సీ మై స్క్రీన్? క్యాన్ ఐ షేర్?” చివరిది సాక్షాత్తూ అనుమతి. అవతలి మేనేజరు “యూ క్యాన్, బట్ యూ మే నాట్” అనలేదు. అని ఉంటే ఆ ప్రాజెక్టు ఆ రోజే కొండెక్కేది. అయ్యా, ఐటీ కారిడారంతా క్యాన్ మీద జీతాలు తెచ్చుకుంటూ, పిల్లలకు మాత్రం మే లేనిదే గడియ తియ్యం అంటారా?

పంతులమ్మను మేమేమీ అనం. ఆమెకు గదినిండా పిల్లలు, మీద ఇన్‌ఛార్జి, ఆ పైన మనం. అసలు ఈ మే కావాలని అడుగుతున్నది మనమే. మా ఫ్లాట్ల వాట్సాప్ గ్రూపులో ఒక తల్లి, “మా పాప ఇంట్లో కూడా మే ఐ అనే అడుగుతుంది” అని పెట్టింది. చప్పట్లు, దండాలు, గులాబీలు కురిశాయి. సొంత ఇంట్లో, సొంత బాత్రూముకి! అడిగింది మర్యాద కాదమ్మా, వీసా.

విశేషాంశము

కర్తకు స్టీలు నీళ్ళసీసా ఒకటి కలదు. మూత మీద డైనోసార్ బొమ్మ. పొద్దున్నే మా కోడలు మూతిదాకా నింపి బ్యాగు పక్కజేబులో పెడుతుంది. డైరీలో తాఖీదు వచ్చాక ఆ సీసా నిండుగా తిరిగొస్తోంది. “నీళ్ళు తాగలేదేం నాన్నా?” అంటే “దాహం వెయ్యలేదు తాతయ్యా” అన్నాడు. వంటింట్లోకి పోయి రెండు గ్లాసులు గటగటా తాగి, మూతి తుడుచుకుని, తనే చెప్పాడు: “బళ్ళో తాగితే మళ్ళీ అడగాలి కదా.”

క్యాన్, మేల భేదం వాడికి పూర్తిగా వచ్చేసింది. ఆ వాక్యం అవసరమే లేకుండా చేసుకున్నాడు.

2009 విద్యాహక్కు చట్టం బడికి ఉండవలసిన వాటి పట్టికలో మగపిల్లలకూ ఆడపిల్లలకూ వేరువేరు మరుగుదొడ్లు రాసింది. ఈ బడిలో ఉన్నాయి కూడా, టైల్సు వేసి, నిగనిగలాడుతూ. అనగా క్యాన్ సిద్ధించినది. మే మిగిలినది. కేరళలో 2019లో బడుల్లో నీళ్ళు తాగడానికని గంట కొట్టడం మొదలుపెట్టారు. మనవాళ్ళు కొట్టకపోతే మానె. తాగిన నీళ్ళకు పరీక్ష పెట్టకుండా ఉంటే చాలు. పిల్లలు గంటల తరబడి ఆపుకుంటే, నీళ్ళు మానేస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు వస్తాయని ఏ పిల్లల డాక్టరునడిగినా చెబుతాడు. అది వచ్చాక మందులషాపులో ఎవరూ మే అనమనరు.

మేం చదివిన బడుల్లో ఈ మహావాక్యానికి బదులు చిటికెన వేలు ఉండేది. దానికి కర్త, కర్మ, క్రియ లేవు. ఉచ్చారణ దోషం లేదు. వేలు లేచేది, మాస్టారు ఎక్కం చెబుతూనే తల ఊపేవారు, ఎక్కం ఆగేది కాదు. ఏ మాధ్యమంలోనైనా చెల్లే ప్రయోగం అది.

తాత్పర్యము

చిన్న తరగతుల్లో పిల్లవాడు క్యాన్ అన్నా, మే అన్నా, వేలు చూపినా, ఏమీ అనక మెలికలు తిరిగినా, పంపండి. తిరిగొచ్చి కూర్చున్నాక బోర్డు మీద రెండు మాటలూ రాసి తేడా చెప్పండి. అప్పుడైతే వాడి చెవికెక్కుతుంది. ముందు వాణ్ణి వెళ్ళి రానివ్వండి. వ్యాకరణం ఎక్కడికీ పోదు.