మా రోజుల్లో టికెట్టు కొంటే ఆటగాడు ఆడేవాడు

ఈ "లోడ్ మేనేజ్‌మెంట్" అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఒంట్లో నలత లేదు, మడమ బెణకలేదు, జ్వరం రాలేదు. అయినా ఇవాళ ఆడడట, రేపు ఆడతాడట. ఇవాళ టికెట్టు కొన్నవాడు ఏం పాపం చేశాడు?

నేను షికాగో వచ్చింది ఎనభైల చివర్లో. బందరులో కాలేజీ గ్రౌండులో బాస్కెట్‌బాల్ ఆడినవాణ్ణి, ఆ ఆటంటే ముందునుంచీ ప్రాణం. వచ్చిన ఊళ్లోనే మైకేల్ జోర్డన్ ఆడుతున్నాడు. సొంత ఊళ్లో అతని జట్టు బుల్స్ ఆటకి టికెట్టు దొరకడం గగనం. అందుకని మాలాంటివాళ్లం తొంభై మైళ్లు కారు నడుపుకుంటూ మిల్వాకీ పోయేవాళ్లం. అక్కడి బ్రాడ్లీ సెంటర్లో బక్స్ అభిమానులకంటే మావాళ్లే ఎక్కువ ఉన్నారా అనిపించేది. రోడ్డు మీద మంచు ఎలా ఉంటుందో అన్న బెంగ తప్ప, జోర్డన్ ఆడతాడా లేదా అన్న అనుమానం మాలో ఒక్కరికీ రాలేదు.

1996 ఏప్రిల్ 16న ఆ మిల్వాకీలోనే బుల్స్ 86-80తో గెలిచి సీజన్లో డెబ్భయ్యో విజయం సాధించారు. అంతకుముందు ఏ జట్టూ 70 చూడలేదు. మొదటి స్థానం అప్పటికే ఖాయం. ఇంకో ఐదు రోజుల్లో సీజన్ ముగుస్తుంది, వెంటనే ప్లేఆఫ్స్. ఇవాళ్టి లెక్క ప్రకారమైతే ముప్పై మూడేళ్ల జోర్డన్‌ని హోటల్ గదిలో పడుకోబెట్టాలి. ఆయన ఆడాడు. ఆ ఏడు సీజన్లోని 82 ఆటలకి 82 ఆడాడు, తర్వాతి రెండు సీజన్లూ అంతే. మూడేళ్లూ టైటిల్ బుల్స్‌దే. అదైనా పడుచు వయసు అనుకుందాం. 2002-03లో వాషింగ్టన్ జట్టుకి ఆడుతుండగా సీజన్ మధ్యలో ఆయనకి నలభై నిండాయి. ఆ జట్టు ప్లేఆఫ్స్‌కి కూడా చేరలేదు. అయినా 82 ఆటలూ ఆడాడు. పై వరసలో ఎక్కడో కూర్చున్నవాడు తనని చూడటం అదే మొదటిసారీ చివరిసారీ కావచ్చు అన్నది ఆయన పట్టుదల.

అప్పటి యాజమాన్యాలు మాత్రం ఆటగాణ్ణి దాచుకోవాలని చూడలేదా అంటే, చూశాయి. 1985-86లో జోర్డన్ పాదం ఎముక విరిగింది. కోలుకుని వచ్చాక కూడా బుల్స్ యాజమాన్యం అతన్ని నిమిషాలు లెక్కపెట్టి ఆడించింది. అతను మండిపడ్డాడు, పోట్లాడాడు. ఆ ఏప్రిల్లోనే ప్లేఆఫ్స్‌లో బోస్టన్ మీద 63 పాయింట్లు కొట్టాడు. ఎప్పుడు, ఎక్కడ కావాలంటే అక్కడ బాస్కెట్‌బాల్ ఆడుకునే హక్కు తనకుండాలని కాంట్రాక్టులో షరతు రాయించుకున్న మనిషి అతను. ఆనాడు ఆటగాడు ఆడతానని పోరాడేవాడు. ఈనాడు కూర్చోబెడతామంటే సరే అంటున్నాడు. నాకు అన్నిటికంటే కష్టంగా ఉన్నది ఇదే.

జోర్డన్ ఒక్కడే అనుకోకండి. యూటాలో జాన్ స్టాక్టన్ పంతొమ్మిది సీజన్లు ఆడితే, పదిహేడు సీజన్లలో ఒక్క ఆట కూడా మానలేదు. ఎ.సి. గ్రీన్ 1986 నుంచి 2001 దాకా వరసగా 1,192 ఆటలు ఆడాడు. మధ్యలో ఒకసారి ఎదుటివాడి మోచేయి తగిలి రెండు పళ్లు ఊడిపోయాయి. మాస్కు పెట్టుకుని వచ్చాడు. వీళ్లకేం సుఖమైన ప్రయాణాలు లేవు. డెట్రాయిట్ జట్టు 1987లో సొంత విమానం కొనేదాకా ఆ రోజుల్లో లీగులో ఎవరికీ అలాంటిది లేదు. రాత్రి ఆడి, తెల్లారగట్ల మామూలు ప్రయాణికులతో కలిసి, ఏడడుగుల మనిషి మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఇంకో ఊరు పోయి, మళ్లీ ఆ రాత్రి ఆడేవాడు. ఇప్పుడు ప్రత్యేక విమానాలు, వంటవాళ్లు, మాలీషు చేసేవాళ్లు, నిద్ర ఎంత పోవాలో చెప్పే నిపుణులు. ఏడాదికి 50 మిలియన్ డాలర్లు దాటిన జీతాలు. అలసట మాత్రం ఇప్పుడే ఎక్కువైంది.

ఈ జాడ్యం ఎక్కడ మొదలైందంటే నేను 2012 నవంబరు 29 అంటాను. శాన్ ఆంటోనియో కోచ్ గ్రెగ్ పోపోవిచ్, మయామీలో ఆట ఉండగా టిమ్ డంకన్, టోనీ పార్కర్, మను జినోబిలీ, డానీ గ్రీన్ నలుగుర్నీ ఇంటికి పంపేశాడు. ఐదు రాత్రుల్లో నాలుగో ఆట, నిజమే. కానీ ఆ సీజన్లో ఆ జట్టు మయామీకి వచ్చేది ఆ ఒక్కసారే. కమిషనర్ డేవిడ్ స్టెర్న్ ప్రేక్షకులకి క్షమాపణ చెప్పి, క్లబ్బుకి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేశాడు. ఆ రోజు ఆయన్ని నియంత అన్నవాళ్లున్నారు. నా దృష్టిలో టికెట్టు కొన్నవాడి పక్షాన నిలబడ్డ కమిషనర్ ఆయన.

2017 మార్చి 18న లాస్ ఏంజిలెస్‌లో జరిగింది ఇంకా అన్యాయం. క్లిప్పర్స్ మీద ఆటకి క్లీవ్‌లాండ్ జట్టు లెబ్రాన్ జేమ్స్, కైరీ అర్వింగ్, కెవిన్ లవ్ ముగ్గురినీ కూర్చోబెట్టి 108-78తో ఓడింది. మర్నాడు అదే స్టేపుల్స్ సెంటర్లో లేకర్స్ మీద లెబ్రాన్ ఆడాడు. అదే హాలు, అవే కుర్చీలు. శనివారం వచ్చినవాడికి లేని భాగ్యం ఆదివారం వచ్చినవాడికి దక్కింది. ఆ లెబ్రానే మరుసటి సీజన్లో, ముప్పై మూడేళ్ల వయసులో, 82కి 82 ఆడాడు. తల్చుకుంటే ఆడగలడన్నమాట.

క్లబ్బులు చెప్పేదాంట్లో నిజం లేదని నేననను. టొరాంటో 2018-19లో కవాయ్ లెనర్డ్‌ని అరవై ఆటలకే ఆడించి టైటిల్ గెలిచింది. పాత రోజుల్లో బిల్ వాల్టన్ లాంటివాళ్లని నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇచ్చి ఆడించి పాదాలు పాడుచేశారు. దాన్ని నేను సమర్థించను. దెబ్బ తగిలినవాడు ఇంట్లో ఉండాలి, ఎన్ని నెలలైనా ఉండాలి. నా తగాదా బాగున్నవాణ్ణి ఆపడం గురించే. విశ్రాంతి ఇస్తే దెబ్బలు తగ్గుతాయన్న వాదనా గట్టిగా నిలబడలేదు. 2024 జనవరిలో లీగు పదేళ్ల వివరాలు పరిశీలించి, ఆటలు మానినవాళ్లకి తర్వాత గాయాలు తగ్గినట్టు ఆధారం కనబడలేదని తేల్చింది.

నష్టపోయేది ఎవరో చూడండి. తూర్పు విభాగంలో ఉన్న ఊరికి పడమటి జట్టు సీజన్లో ఒక్కసారే వస్తుంది. ఆ రాత్రి స్టార్ ఆడకపోతే మళ్లీ ఏడాదికే. అప్పటికి అతను ఏ జట్టులో ఉంటాడో ఎవరికి తెలుసు? మా తమ్ముడి కొడుకు తూర్పు తీరంలో ఉంటాడు. వాడి పిల్లాడికి పడమటి జట్టు ఆటగాడొకడంటే వెర్రి. మన తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్లకి క్రికెట్టు, ఇక్కడ పుట్టిన పిల్లలకి బాస్కెట్‌బాల్. ఆ జట్టు వచ్చే రోజున టికెట్టు మామూలు రోజుకంటే రెట్టింపు. ఆ ఆటగాడి పేరు మీదే ఆ ధర. నెలల ముందే కొన్నారు. ఆట రోజు మధ్యాహ్నం తెలిసింది, విశ్రాంతి అని. అమ్మేద్దామని చూస్తే సగం ధరకి కూడా అడిగినవాడు లేడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. పిల్లాడు నాకు ఫోన్ చేసి, "తాతా, ఆయనకి దెబ్బ తగల్లేదుగా, మరెందుకు ఆడడు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

2023లో లీగు నిబంధనలు బిగించింది. గత మూడేళ్లలో ఆల్‌స్టార్‌గానో, సీజన్ ఉత్తమ జట్లలోనో ఎంపికైన ఆటగాళ్లలో ఒకే రోజు ఒక్కరికి మించి విశ్రాంతి ఇవ్వకూడదు. ఆపాల్సి వస్తే సొంత ఊళ్లో ఆపడం మేలు. తప్పితే మొదటిసారి లక్ష డాలర్లు, రెండోసారి రెండున్నర లక్షలు, మూడోసారి పన్నెండున్నర లక్షలు. పెద్ద అవార్డులు కావాలంటే ఆటగాడు కనీసం 65 ఆటలు ఆడాలి. మంచిదే, ఆలస్యంగానైనా చేశారు. కానీ ఆ జరిమానాలో ఒక్క డాలరు కూడా టికెట్టు కొన్నవాడి చేతికి రాదు. డబ్బు పోయింది ఒకరికి, పరిహారం ఇంకొకరికి. ఇదెక్కడి న్యాయం?

82 ఆటలు శరీరానికి బరువే అంటారా? అయితే తగ్గించండి. 1967-68 నుంచి ఉన్న లెక్క, దేవుడు రాసింది కాదు. తగ్గించరు, ఎందుకంటే ప్రతి ఆటకీ గేటు వసూలు ఉంది, టీవీ సొమ్ము ఉంది. 2024లో కుదిరిన టీవీ ఒప్పందం పదకొండేళ్లకి దాదాపు 76 బిలియన్ డాలర్లు. 82 ఆటలకి డబ్బు తీసుకుని, 60 ఆటలకి స్టార్‌ని చూపిస్తామంటున్నారు. నా కోపమంతా ఇక్కడే.

మన క్రికెట్లో కూడా వర్క్‌లోడ్ అంటూ ఈ అలవాటు వచ్చింది. అయినా 2025లో ఇంగ్లండ్ వెళ్లేముందు బుమ్రా ఐదు టెస్టుల్లో మూడే ఆడతాడని ముందుగా చెప్పారు. కనీసం ఆ మాత్రం మర్యాద బాస్కెట్‌బాల్ క్లబ్బులు ఎందుకు పాటించవు?

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. విశ్రాంతి ఏ ఊళ్లో, ఏ రోజున ఇస్తారో నెల ముందు చెప్పండి. చెప్పకుండా బాగున్నవాణ్ణి కూర్చోబెడితే, ఆ రాత్రి టికెట్టు కొన్న ప్రతివాడికీ అడిగిన వెంటనే డబ్బు వాపసు ఇవ్వండి. మీలో ఎవరైనా అలా మోసపోతే ఊరుకోకండి, క్లబ్బుకి రాయండి, లీగుకి రాయండి, డబ్బు అడగండి.